విమల పేరు మీద నా గుండె

ఒరే చిన్నా, అమ్మడూ, ఇద్దరూ వింటున్నారా? ఫోను చెవికి దగ్గరగా పెట్టుకోండి, నేను గట్టిగా మాట్లాడలేనని తెలుసుగా. మొన్న నా గుండెకి ఎకో పరీక్ష చేశారని మీ అమ్మ నోరు జారినప్పట్నుంచీ పూనా నుంచి ఒకరు, గౌహతి నుంచి ఒకరు, గంటగంటకీ ఫోన్లు. రిపోర్టులో ఏముందో చెబుతాను. కంగారుపడేది ఏమీ లేదు. కానీ ఉట్టినే చెప్పను. ముందు నా మొదటి ఎకో సంగతి వినాలి. ఆ ఒక్క పరీక్షతో నేను ఒక డాక్టరమ్మకి మతి పోగొట్టాను, ఒక సినిమా ఆపేశాను, ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చాను. ఇన్ని చేసినప్పుడు నాకు జబ్బేమన్నా ఉందా అంటే, ఏమీ లేదు. ఉన్నదల్లా కుళ్ళు. నిలువెల్లా కుళ్ళు. కుళ్ళిన టమాటా అయినా పక్కదాన్ని చూసి ఇంత కుళ్ళదర్రా.

తొంభైలు మొదలైన రోజులు. మీ తాతయ్య సినిమా ఎడిటింగులో పని చేసేవారు. కృష్ణానగర్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నేను జూబ్లీహిల్స్ కొండ మీద ఒక డబ్బింగ్ థియేటర్లో గొంతు ఇచ్చేదాన్ని. గయ్యాళి అత్తలు, నోరున్న పిన్నులు, పెళ్ళి ఆగిపోయినప్పుడు "అయ్యో అయ్యో" అనే ఆడవాళ్ళ గుంపు, అన్నీ నేనే. ఇప్పుడు పిల్లిలా మాట్లాడుతుందని మీరు నవ్వే ఈ అమ్మమ్మ, అప్పట్లో ఎంతమంది కోడళ్ళని ఇళ్ళలోంచి గెంటేసిందో లెక్కలేదు.

డబ్బింగంటే తెలుసుగా. తెర మీద ఒకావిడ పెదాలు ఆడిస్తుంది, చీకట్లో మైకు ముందు నిలబడి ఇంకొకావిడ మాట్లాడుతుంది. మొహం ఒకరిది, గొంతు ఒకరిది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

అక్కడికి విమల అనే పిల్ల వచ్చింది. బోరబండ పిల్ల. నాకంటే రెండేళ్ళు చిన్నది. మామూలుగా మాట్లాడితే "ఏందక్కా, గిట్ల జూస్తున్నవ్?" అనేది. మైకు ముందుకి వెళ్ళిందో, మా తెనాలి వాళ్ళకంటే తెనాలిగా మాట్లాడేది! నేను తెనాలిలో పుట్టి, తెనాలిలో పెరిగి, తెనాలి నీళ్ళు తాగినదాన్ని. నాకెలా ఉంటుంది చెప్పండి? మన పెరట్లో జామకాయలు పక్కింటావిడ కోసుకెళ్ళి, మనకే తలా ఒకటి పంచినట్టు ఉంది.

అదన్నా ఓర్చుకున్నాను. ఏడుపు సీన్లు ఓర్చుకోలేకపోయాను. విమల ఏడుస్తూ మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య ఊపిరి చిక్కుకునేది. "నన్ను... వదిలి... వెళ్ళకండి" అని, ఆ మధ్యలో దారం తెగబోయి ఆగినట్టు చిన్న ఆయాసం. మా సౌండ్ ఇంజనీరు పాండురంగం గారు, పెద్దాయన, ఎవరినీ మెచ్చుకోని మనిషి, అద్దాల గదిలో కళ్ళు మూసుకుని వినేవారు.

"ఆహా! ఆ ఊపిరి చూడండి! గుండెలోంచి వస్తోంది" అనేవారు.

"మరి నాదండీ?" అని ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను.

"నీ ఏడుపు పంపు నీళ్ళ లాంటిదమ్మా సుభద్రా. టైముకి వస్తుంది, టైముకి ఆగుతుంది. వంక పెట్టలేం. లోపల్నించి మటుకు రాదు."

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నేను ఆయాసం పెట్టుకోబోయాను. మర్నాడు ఏడుపు సీను ఉందనగా ఫిల్మ్‌నగర్ ఎత్తు రోడ్డు గబగబా ఎక్కి, రొప్పుకుంటూ వచ్చి మైకు ముందు నిలబడ్డాను. "నాథా... హుఫ్... నన్ను... హుఫ్... క్షమించండి" అన్నాను.

స్పీకర్లోంచి పాండురంగం గారు, "సుభద్రా, నిన్నేమన్నా కుక్క తరిమిందా?" అన్నారు.

థియేటరంతా ఒకటే నవ్వు. విమల మాత్రం నవ్వలేదు. "జర కూసో అక్కా" అని తన కుర్చీ ఇచ్చింది. తన కుర్చీ! విన్నారా? విమలకి మేడ మెట్లు ఎక్కితే ఆయాసం అని ప్రత్యేకంగా కుర్చీ వేయించారు. గ్లూకోజు నీళ్ళు కలిపించేవారు. వరండాలో బల్ల దగ్గర ఒకే ఒక్క ఫ్యాను ఉండేది. అంతకు ముందు నా వైపు తిరిగి ఉండేది. విమల వచ్చాక ఆవిడ వైపు తిరిగింది. నేను ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

"ఫ్యాను కోసం ఏడుస్తున్నావా సుభద్రా?" అన్నారు మీ తాతయ్య.

"ఫ్యాను కోసం కాదండీ. అది తిరిగినందుకు."

ఆయన పప్పులో నెయ్యి వేసుకుని, "ఆ ఏడుపేదో మైకు ముందు ఏడవరాదూ" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

ఇంతలో పెద్ద సినిమా ఒకటి వచ్చింది. హీరోయిన్ బొంబాయి అమ్మాయి, తెలుగు ఒక్క ముక్క రాదు. కథంతా ఏడుపే. ఆ హీరోయిన్‌కి గొంతు ఎవరిస్తారా అని మేం అందరం కాసుక్కూచున్నాం. నాకయితే అత్తల నుంచి హీరోయిన్‌కి ప్రమోషను అది. ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ రాదు. పాండురంగం గారు మాత్రం ఏ సంగతీ చెప్పకుండా నాన్చుతున్నారు.

అప్పుడే విమల ఒకరోజు మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడింది. బోరబండలో ఒక డాక్టరు గారు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి చీటీ రాసిచ్చారు. గుండెలో గరగరమని శబ్దం వినిపిస్తోంది, మిట్రల్ వాల్వు మీద అనుమానంగా ఉంది, ఎకో తీయించాలి అని.

"సుభద్రా, రేపు నువ్వు తోడు వెళ్ళు" అన్నారు పాండురంగం గారు.

"నేనా?"

"నువ్వే. రేపు నీకు పనేం లేదుగా."

పుండు మీద కారం అంటారే, దానికి నిమ్మకాయ కూడా పిండారు.

కొండ మీదే ఆస్పత్రి. బెంచీ మీద కూర్చున్నాం. విమల చేతులు చల్లగా అయిపోయాయి. "అక్కా, లోపల ఏమన్న ఉన్నదని జెప్తే నా బతుకు ఆగమైతది" అంది.

"ఏమీ ఉండదులే" అన్నాను. నిజంగానే ఏమీ ఉండదనుకున్నాను, ఒట్టు. నా లెక్కలో ఆ ఆయాసమంతా నటన. అంత బాగా నటిస్తోందనేగా నా ఏడుపు!

"నాతోని కాదక్కా. జర బయట గాలి పీల్చుకొని వస్త" అని లేచి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాల్లో నర్సు వచ్చింది. "విమల! విమల ఉన్నారా? లేకపోతే పేరు కొట్టేస్తాం!"

చూడండి పిల్లలూ, అక్కడ మీ అమ్మమ్మ బుర్రలో ఒక మెరుపు మెరిసింది. నేను వెళ్ళి పడుకుంటే? నా గుండె గుండ్రాయి. రిపోర్టు నిక్షేపంలా వస్తుంది. విమల పేరు మీద ఆ కాగితం తీసుకెళ్ళి పాండురంగం గారి చేతిలో పెడితే, ఆయాసమంతా నాటకమని తేలిపోతుంది. కుర్చీ పోతుంది. గ్లూకోజు నీళ్ళు పోతాయి. ఫ్యాను నా వైపు తిరుగుతుంది!

ఎవరి పేరో పిలిస్తే వెళ్ళి మాట్లాడటం నాకు కొత్తా? జీవితమంతా అదే పని. "నేనేనండీ విమల" అని లేచాను.

చీకటి గది. సినిమా హాల్లో ఉన్నట్టే ఉంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. చల్లటి జిగురేదో పూసి, ఇంత చెక్కముక్క లాంటిది పక్కటెముకల మధ్య పెట్టి డాక్టరమ్మ టీవీలో చూడటం మొదలుపెట్టింది.

"ఆయాసం ఎప్పట్నుంచమ్మా?"

"హీరోయిన్లకి చెప్పడం మొదలెట్టినప్పట్నుంచండీ."

"చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్ళ వాపులు ఏమన్నా వచ్చాయా?"

"ఆవిడకా... నాకా... వచ్చే ఉంటాయండీ."

డాక్టరమ్మ చీటీ చూసింది. టీవీ చూసింది. మళ్ళీ చీటీ చూసింది. మెడలో గొట్టం తీసి నా గుండె మీద పెట్టి విన్నది. నన్ను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇందులో శబ్దం ఉందని రాశారే! నాకేం వినపడదేం?"

"పోయిందేమోనండీ."

"శబ్దం ఎక్కడికి పోతుందమ్మా, బస్సెక్కి పోతుందా?"

ఆవిడ ఇంకాసేపు వెతికింది, ఇంట్లో తాళంచెవి పోయినట్టు. చివరికి టీవీలో వేలు పెట్టి చూపించింది. "ఇదిగో చూడండి. గుండెలో ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య తలుపు ఇది. దీన్నే మిట్రల్ వాల్వంటాం. రెండు రెక్కలు. ఎంత చక్కగా తెరుచుకుని మూసుకుంటున్నాయో! పాఠం చెప్పడానికి పుస్తకంలో వేసుకోవచ్చు మీ వాల్వుని."

పుట్టి బుద్ధెరిగాక నాలో ఉన్నదేదో ఒకరు అంతలా మెచ్చుకోవడం అదే మొదలు. అదీ ఎవరి పేరు మీద? విమల పేరు మీద! నా రెక్కలు, నా తలుపు, పేరు ఆవిడది! బల్ల మీద పడుకునే కుళ్ళిపోయాను. గుండె గబగబా కొట్టుకుంది. "ఇప్పుడెందుకమ్మా టెన్షను, అంతా బాగుందిగా" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చేసరికి విమల గేటు దగ్గర నిలబడి ఉంది. కాగితం చేతిలో పెట్టాను. "నీ బదులు నేను పడుకున్నా. నార్మల్."

కోప్పడుతుందనుకున్నాను. గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. "అక్కా! నా కోసం గింత జేసినవా! సొంత అక్క గూడ జెయ్యదు!"

ఎందుకంత ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. మర్నాడు అర్థమైంది. పాండురంగం గారు రిపోర్టు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, అందర్నీ పిలిచారు.

"ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఆరోగ్యం గురించే నాన్చుతున్నాను. విమలకీ చెప్పాను, గుండె బాగుందని తేలితేనే నీకిస్తాను, లేకపోతే సుభద్రకిస్తానని. ఇంక భయం లేదు. హీరోయిన్ గొంతు విమలది!"

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేనయితే గొయ్యి తీసి, అందులో నిచ్చెన వేసి, విమలని చెయ్యిచ్చి పైకెక్కించి, ఆ తర్వాత పడ్డాను. నా గుండెతో నా వేషం పోగొట్టుకున్నాను! ఆ పూట మీ తాతయ్య నవ్వీ నవ్వీ పొలమారి చచ్చిపోతారేమో అనుకున్నా.

పైగా విమల కృతజ్ఞత ఒకటి. రోజూ డబ్బాలో సర్వపిండి తెచ్చేది. "మా అక్కకు" అని అందరి ముందూ పెట్టేది. అదేమో కమ్మగా ఉండేది. అసూయతో ఉన్నవాళ్ళకి కమ్మటి తిండి పెట్టకూడదర్రా, అరగదు.

డబ్బింగ్ మొదలైంది. మొదట రెండు రోజులు బాగానే చెప్పింది. మూడో రోజుకి నాలుగు మాటలు చెప్పి ఆగేది. నాలుగో రోజుకి పెదాలు నల్లబడ్డాయి. పాండురంగం గారు అద్దం వెనక నుంచి "రిపోర్టు బాగుంది కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే భయపడేవాణ్ణి" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. నటన చేసేవాళ్ళ పెదాలు నల్లబడవు కదా.

ఆ సాయంత్రం నాదీ ఆవిడదీ కలిసి సీను. నేను అత్తని, తను కోడలు. రెండు లూపుల మధ్య, అంటే ఒక సీను ముక్క అయ్యి ఇంకో ముక్క తెర మీదకి వచ్చేలోగా, మైకు ముందే నిలబడి ఉన్నాం. విమల గోడకి ఆనుకుంది.

"ఏమైందే?"

"రాత్రి పండుకుంటే ఊపిరాడదక్కా. కూసునే నిద్రపోతున్న. దగ్గితే జర నెత్తురు పడ్డది."

"డాక్టరుకి చెప్పవే మరి!"

"రిపోర్టు మంచిగ వచ్చింది గదక్కా."

"పిచ్చిమొహమా, అది నా రిపోర్టే! నా గుండె అది!"

"నాకెర్కే. గని కాగితం మీద నా పేరు జూసుకుంటే, నాకేం లేదేమో అనిపిస్తది. దిండు కింద పెట్టుకొని పండుకుంటున్న."

అంతే. నా లోపల ఏదో తెగింది. "నీ కోసం పడుకోలేదే నేను! నీ మీద ఏడుపుతో పడుకున్నా! నీ కుర్చీ చూసి, నీ గ్లూకోజు నీళ్ళు చూసి, ఆ దిక్కుమాలిన ఫ్యాను చూసి! నీది నాటకమని నిరూపించాలని... నువ్వు చచ్చిపోతావే! నా కుళ్ళు వల్ల చచ్చిపోతావే! రేపే వెళ్దాం... కాదు... ఇప్పుడే..." మాట మాటకీ ఊపిరి చిక్కుకుపోతోంది. వెక్కిళ్ళు ఆగటం లేదు. విమల నా వీపు నిమురుతోంది. చూడండి, జబ్బు ఆవిడది, నిమిరేది ఆవిడే.

అప్పుడు గుర్తొచ్చింది. మైకు ఆన్‌లోనే ఉంది.

నెమ్మదిగా తల తిప్పి చూశాను. అద్దం వెనక పాండురంగం గారు, డైరెక్టరు గారు, కాఫీ తెచ్చినాయన, అందరూ నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. స్పీకరు గరగరమంది.

"సుభద్రా" అన్నారు పాండురంగం గారు. "లోపల్నించి ఏడవమ్మా ఏడవమ్మా అని ఇన్నేళ్ళు మొత్తుకున్నాను. చివరికి టేపు తిరగనప్పుడు ఏడిచావా?" తర్వాత అటు తిరిగి, "ఆటో పిలవండ్రా! పనాపేయండి!" అన్నారు.

ఆస్పత్రిలో మళ్ళీ అదే డాక్టరమ్మ. "విమల ఎవరు?" అంది. అలవాటు కొద్దీ నా చెయ్యి సగం పైకి లేచింది. విమల దాన్ని పట్టుకుని కిందకి దింపింది. జరిగిందంతా చెప్పాం.

"నేను ఆ రోజంతా అన్నం తినలేదు, తెలుసా? నా చెవులు పాడయ్యాయనుకుని చూపించుకోడానికి కూడా వెళ్ళాను!" అని డాక్టరమ్మ నా మీద పడింది.

"క్షమించండమ్మా. మా వృత్తిలో ఒకరి బదులు ఒకరం..."

"మీ వృత్తి మీ థియేటర్లో చేసుకోండి. నా బల్ల మీద ఎవరి గుండెకి వాళ్ళే మాట్లాడాలి!"

విమలని పడుకోబెట్టింది. నేను కాళ్ళ దగ్గర నిలబడి టీవీ చూశాను. నా తలుపు రెండు రెక్కలూ బార్లా తెరుచుకోవడం చూసినదాన్ని కదా. విమలది తెరుచుకోవట్లేదు. రెక్కలు మందంగా అయిపోయి, అంచులు అతుక్కుపోయి, మధ్యలో గుండీ కాజా అంత సందు. రంగులు వేసి చూపించారు. ఆ సందులోంచి రక్తం ఎర్రగా, పచ్చగా, కుళాయి నోరు వేలితో నొక్కితే చిమ్మినట్టు చిమ్ముతోంది. వెళ్ళలేనిదంతా ఊపిరితిత్తుల వైపు ఎగదన్నుతోందట. అదన్నమాట ఆ ఊపిరి! పాండురంగం గారు కళ్ళు మూసుకుని మెచ్చుకున్న ఆయాసం, నేను కుళ్ళి కుళ్ళి చచ్చిన ఆయాసం, ఆ కాజాలోంచి బతుకు లాక్కురావడం.

అంతలో డాక్టరమ్మ తలుపు తీసి "రండి రండి, మంచి పిక్చరు!" అని పిలిచింది. బిలబిలా ఆరుగురు కుర్ర డాక్టర్లు వచ్చి విమల చుట్టూ నిలబడి "వావ్" అన్నారు. మీకు చెప్పడానికేం, సిగ్గులేదు నాకు. ఆ క్షణంలో కూడా లోపల చిన్నగా అనిపించింది. నా వాల్వు చూడటానికి ఒక్కడూ రాలేదే అని.

దేవుడి దయవల్ల లీకు పెద్దగా లేదు, లోపల రక్తం గడ్డలేమీ లేవు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపించి, చిన్న బెలూను ఉబ్బించి, ఆ తలుపు తెరిచారు. బయట బెంచీ మీద నేనూ, వాళ్ళమ్మా. నేను మొక్కని దేవుడు లేడు. కొండ కింద దర్గాకి కూడా మొక్కాను.

విమల నెలన్నరకి మెట్లు ఎక్కి వచ్చింది. మధ్యలో ఆగకుండా ఎక్కింది. ఆవిడ కోసం హీరోయిన్ రీళ్ళు పక్కన పెట్టి ఉంచారు పాండురంగం గారు. "పోనీ నేను చెప్పనా?" అని మెల్లగా అడిగాను లెండి. "నువ్వు అత్తగారి సీన్లు పూర్తి చెయ్యి" అన్నారు.

తలుపు తెరుచుకున్న విమల ఏం మాట్లాడిందనుకున్నారు! మూడు పేజీల డైలాగు ఒక్క ఊపిరిలో! పోటీకొచ్చిన కత్తిని తీసుకెళ్ళి నేనే సాన పట్టించుకొచ్చానన్నమాట.

కానీ క్లైమాక్సు దగ్గర చిక్కొచ్చింది. ఏడుపు చెబితే మాట హాయిగా వస్తోంది, ఆ చిక్కుకునే ఊపిరి లేదు. ఎన్నిసార్లు చెప్పినా లేదు. పాండురంగం గారు తల పట్టుకున్నారు. విమల నా దగ్గరకొచ్చింది.

"అక్కా, నాది రిపేరైంది గద, ఇగ వస్తలేదు. ఆనాడు నువ్వు ఏడ్చినవ్ చూడు, గా ఊపిరి జర నువ్వు పెట్టవా?"

పక్కపక్కన నిలబడ్డాం, ఒకే మైకు ముందు. మాట ఆవిడది, మధ్యలో ఊపిరి నాది. తెర మీద మొహం బొంబాయిది, మాట బోరబండది, ఊపిరి తెనాలిది. హాల్లో జనం బావురుమన్నారు. టైటిల్స్‌లో మా ఇద్దరి పేర్లూ లేవు. కుళ్ళుకోవడానికి ఏమీ లేక చాలా ఇబ్బంది పడ్డాను. వరండాలో ఫ్యానుని మాత్రం పాండురంగం గారు ఇటూ అటూ తిరిగేటట్టు పెట్టించారు.

సరే, ఇంక మొన్నటి రిపోర్టు. ఈ వయసుకి మామూలేనట, నా మిట్రల్ వాల్వు పిసరంత లీకవుతోంది. మందు కూడా అక్కర్లేదు, ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు. ఆస్పత్రి మెట్లు దిగకుండానే ఫోన్ చేశాను. మీ అమ్మకి కాదు, విమలకి. "ఒసే విమలా! నాకూ వచ్చిందే!" అని.

"నీది జర్రంతనే గదక్కా. నాదైతే ఆర్గురు డాక్టర్లు జూసిన్రు" అంది.

చూశారా దాని పొగరు!

అందుకని పిల్లలూ, మీ తాతయ్య ఫోటో మీద చెయ్యి వేసి, రెండు పూటలా వేసుకునే బీపీ బిళ్ళ సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెవరి గుండెకీ నా గుండెతో డబ్బింగ్ చెప్పను. వచ్చే ఏడు ఎకోకి నా పేరు మీదే వెళ్తాను. కాకపోతే ముందుగానే డాక్టరు గారికి చెప్పి, ఓ ఏడుగుర్ని పిలిపించుకుంటాను.